గ్రీనిచ్‌లో నావికుల నమ్మకాల టూర్: గైడ్ కన్నా ఓడే నయం

మనిషికి 18 పౌండ్లు, గంటన్నర నడక, తెరచాప ఓడల కాలం నాటి నావికుల మూఢనమ్మకాల మీద కథలు. చిన్న కంపెనీ, పేరు రాసి వాళ్ల పొట్ట కొట్టడం ఇష్టం లేదు. లండన్‌లో ఇలాంటి టూర్లు చాలానే ఉన్నాయి కాబట్టి బుక్ చేసేముందు ఇది చదివితే చాలు.

గైడ్ కుర్రాడు మంచి మాటకారి, బాగా నవ్వించాడు కూడా. కాకపోతే చెప్పినవాటిలో సగం ఉత్త కట్టుకథలు, అసలైనవేమో కళ్లెదురుగా ఉన్నా వదిలేశాడు.

మొదట శుక్రవారంతో ఎత్తుకున్నాడు. క్రీస్తును శిలువ వేసిన రోజు కాబట్టి ఆ రోజు ఓడ బయల్దేరడానికి నావికులు భయపడేవారు, అది నిజమే. మేం వెళ్లింది కూడా శుక్రవారమే, మా అక్క వెంటనే నా చెవిలో "శుక్రవారం పూట డబ్బులు బయటికి ఇవ్వకూడదు కదరా, టికెట్లు నిన్ననే కొనేశావా?" అంది. ఈలోగా గైడ్ అసలు కథలోకి దిగాడు. ఈ భయం పోగొడదామని బ్రిటిష్ నేవీ 'ఫ్రైడే' అని ఓడ కట్టిందట, పని మొదలెట్టింది శుక్రవారం, నీళ్లలోకి దింపింది శుక్రవారం, కెప్టెన్ ఇంటిపేరు కూడా ఫ్రైడేనే, తీరా శుక్రవారం నాడు బయల్దేరి మళ్లీ కనబడలేదట. అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. బ్రిటిష్ నేవీలో ఆ పేరుతో ఓడే లేదు! దాన్ని పాత నేవీ కాలేజీ గోడల పక్కనే నిలబడి జరిగినట్టు చెప్పడానికి గుండె ధైర్యం ఉండాలి.

తర్వాత ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షి. అవి చనిపోయిన నావికుల ఆత్మలట, అందుకే ఆ పక్షి జోలికి ఎవరూ పోయేవారు కాదట. నమ్మకం ఉన్నమాట నిజమే గానీ, అదే నావికులు పందికొవ్వు ఎరగా పెట్టి గాలం వేసి ఆల్బట్రాస్‌లను పట్టేవారు, కాళ్ల చర్మంతో పొగాకు సంచులు కుట్టుకునేవారు, రెక్క ఎముకలతో పైపు గొట్టాలు చేసుకునేవారు. భయమూ ఉంది, అవసరమూ ఉంది. మనుషులంటే అంతే కదా, నాకైతే గైడ్ చెప్పినదానికన్నా ఇదే ఆసక్తిగా అనిపిస్తుంది.

ఇక కటీ సార్క్ ఓడ దగ్గర ఫొటోలకి పది నిమిషాలు ఇచ్చి ముందుకి పదమన్నాడు. నాకు ఒళ్లు మండింది అక్కడే. టీ సరుకు మోయడానికి 1869లో స్కాట్లాండ్‌లో కట్టిన ఓడ అది. దాని ముక్కు మీద తెల్లటి ఆడమనిషి బొమ్మ, ఛాతీ మీద బట్ట ఉండదు, ఒక చెయ్యి ముందుకి చాచి ఉంటుంది, ఆ చేతిలో గుర్రం తోక. ఆవిడ నానీ అనే మంత్రగత్తె, 1791లో అచ్చయిన స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ పద్యంలోది. తాగి ఇంటికి పోతున్న రైతును తరుముతుంది, వాడు గుర్రమెక్కి వంతెన మీదకి దూకుతాడు, పారే నీటిని మంత్రగత్తెలు దాటలేరు కాబట్టి ఆవిడ చేతికి తోక మాత్రమే మిగులుతుంది. నీటిని దాటలేని మంత్రగత్తెను తీసుకెళ్లి సముద్రాలు దాటే ఓడకి ముందు నిలబెట్టారన్నమాట! ఓడలో ఆడవాళ్లుంటే అరిష్టం అన్నవాళ్లే బట్టల్లేని ఆడబొమ్మను చూస్తే తుఫాను శాంతిస్తుందనీ నమ్మారు, ఇది రోమన్ల కాలం నుంచీ ఉన్న మాట. ఓడలోని కుర్రాళ్లు పాత తాళ్లను పీచుగా విప్పి ఆ తోక చేసి పెట్టేవారు. ఇందులో ఒక్క ముక్కైనా గైడ్ నోట రాలేదు.

ఓడ కట్టేటప్పుడు అదృష్టం కోసం తెరచాప స్తంభం కింద నాణెం పెట్టే ఆచారం గురించి కూడా ఒక్క వాక్యంతో సరిపెట్టాడు. ఇదే థేమ్స్ నదిలో, లండన్‌లోని బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గర, 1962లో రోమన్ల కాలం నాటి ఓడ బయటపడితే దాని తెరచాప స్తంభం నిలబెట్టే గుంటలో డొమిషియన్ చక్రవర్తి నాణెం దొరికింది, దాని మీద చుక్కాని పట్టుకున్న అదృష్ట దేవత ఫార్చ్యూనా. లండన్ టూర్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

అన్నీ చెడ్డగా లేవులెండి. ఈల వేస్తే గాలి రేగుతుందన్న నమ్మకం చెప్పేటప్పుడు పిల్లలందరితో ఈల వేయించాడు, గాలి పడిపోయి ఓడ కదలనప్పుడు మాత్రం మెల్లగా వేసేవారని చెప్పాడు. కొందరు పిల్లలు పుట్టేటప్పుడు తలకు అతుక్కుని వచ్చే పల్చటి పొర దగ్గరుంటే నీళ్లలో మునగరని నమ్మి నావికులు దాన్ని డబ్బు పెట్టి కొనేవారు, పేపర్లో ప్రకటనలు కూడా వచ్చేవి. అది విని మా బావ మొహం చూడాలి!

ఇంకో విషయం, ఈ టికెట్‌లో కటీ సార్క్ లోపలికి ఎంట్రీ ఉండదు. ఆ సంగతి బుకింగ్ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. 5కి 2 ఇస్తాను, అదీ ఈల కోసం. పిల్లలుంటే టైంపాస్‌కి వెళ్లొచ్చు. లేదంటే ఆ డబ్బులు ఓడ టికెట్‌కే పెట్టండి, డీఎల్ఆర్ అనే లోకల్ రైల్లో కటీ సార్క్ స్టేషన్లో దిగితే నడిచే దూరమే. లోపల అడుగు భాగంలో పాత ఓడల ముక్కుబొమ్మలు రంగురంగులుగా వరసగా పెట్టారు, అక్కడికి మాత్రం తీరిగ్గా వెళ్లండి.