నారింజ రంగుతో కాపురం: ఏళ్ల తరబడి వాడాక

గదిలో ఒక గోడ, భుజాన బ్యాగు, పనిముట్ల పిడులు, రాత్రిపూట వెలిగే దీపం. నారింజ రంగును దాదాపు అన్నిచోట్లా పెట్టి చూశాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను: ఇది చిన్న వస్తువులకు పనికొచ్చే రంగు, గోడలకు కాదు.

వెతుక్కునే వస్తువుకు దీన్ని మించిన రంగు లేదు. స్క్రూడ్రైవరు, టార్చి, కత్తెర నల్లగా ఉంటే సంచి అడుగున మాయమైపోతాయి. పిడి నారింజ రంగుదైతే చెయ్యి నేరుగా దాని మీదికే పోతుంది. ఇందులో మనసు కన్నా కంటి పనే ఎక్కువ. చిత్రకారుల రంగుల చక్రంలో నారింజకు సరిగ్గా ఎదురుగా ఉండేది నీలం. నీళ్ల మీద లైఫ్ జాకెట్ అంత దూరం నుంచి కనిపించేది అందుకే. విమానంలో ఉండే బ్లాక్ బాక్స్ కూడా పేరుకే నలుపు, దానికి పూసేది నారింజ రంగే. శిథిలాల మధ్య దొరకాలి కదా మరి! అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 1937లో తెరిచిన గోల్డెన్ గేట్ వంతెనకు వేసిందీ ఈ జాతి రంగే.

కానీ పొద్దు వాలాక దీన్ని నమ్మకండి. వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి ఎరుపు వైపు రంగులు ముందుగా మసకబారతాయి, నీలం వైపువి కాసేపు నిలబడతాయి. మధ్యాహ్నం భగ్గుమనే నా బ్యాగు మునిమాపువేళకు మట్టిరంగులోకి దిగిపోతుంది. సాయంత్రం సైకిలు తొక్కేవాళ్లకు నారింజ జాకెట్ ఒక్కటే చాలదు, దాని మీద వెలుగును వెనక్కి కొట్టే పట్టీలు ఉండాల్సిందే. ఫ్లోరసెంట్ నారింజ ఇంకా మెరుస్తుంది. అది కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని కూడా పీల్చుకుని నారింజ వెలుగుగా మార్చి ఇస్తుంది. అయితే ఎండలో పడేస్తే ఆ మెరుపు మామూలు రంగుల కన్నా త్వరగా వెలిసిపోతుంది.

ఇక గోడ సంగతి. పెయింటు డబ్బా మూత తీసినప్పుడు ఉన్న ఉత్సాహం రెండో కోటుకే సగం చచ్చింది. ముదురు నారింజ కింది రంగును ఓ పట్టాన కప్పదు, కోటు మీద కోటు అడుగుతుంది. ఆ గోడ మీద పడిన వెలుతురు గదంతా చిమ్ముతుంది. తెల్ల కాగితం పచ్చబడుతుంది, వీడియో కాల్‌లో ముఖానికి కామెర్లు వచ్చినట్టుంటుంది. అదే గోడ కిటికీ పక్కన నీడలో ఉన్న భాగం మాత్రం గోధుమ రంగుగా కనిపిస్తుంది. అది పెయింటు లోపం కాదు. చుట్టూ ఉన్నవాటి కన్నా బాగా తక్కువ వెలుతురులో ఉన్న నారింజను మన కన్ను గోధుమ రంగుగానే చదువుతుంది.

నారింజ ఉత్సాహాన్నిస్తుంది, కలుపుగోలుతనం పెంచుతుంది, ఆకలి పుట్టిస్తుంది అని తెగ చెబుతారు. నాకైతే మొదట్లో గదిలోకి అడుగుపెట్టగానే కొంచెం హుషారుగా అనిపించిన మాట నిజం. కన్ను అలవాటు పడ్డాక గోడ గోడే, దిగులు దిగులే. రోడ్డు మీది కోన్‌కు ఉంటే ‘జాగ్రత్త’ అనే ఈ రంగే, పిల్లల బొమ్మకు ఉంటే ‘రా, ఆడుకో’ అంటుంది. రంగుకు సొంతంగా ఒక స్వభావం ఉందని నమ్మడం నాకు కష్టమే.

దీపానికి మాత్రం మార్కులు వేస్తాను. నిద్రకు తోడ్పడే మెలటోనిన్‌ను ఎక్కువగా అణచేది నీలి కాంతి. నారింజ దీపంలో ఆ నీలి కాంతి బాగా తక్కువ. చిక్కల్లా బట్టలు తీసుకునేటప్పుడే: ఆ వెలుతురులో ముదురు నీలం, నలుపు ఒక్కటే.

ఆఫీసు ఫైళ్లకు నారింజ, ఆకుపచ్చ చీటీలు అంటించే అలవాటుంటే వాటి మీద ఒక అంకె కూడా వేయండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియనివాళ్లకు ఆ రెండు చీటీలూ ఒకేలా కనిపించవచ్చు. అంకె నల్ల ఇంకుతోనే వేయండి, నారింజ మీద తెల్ల అక్షరం చదవడం ఎవరికైనా కష్టమే.