క్లబ్‌ఫుట్: వారం వారం కట్లా, ఒక్కసారి ఆపరేషనా?

పుట్టిన బిడ్డ పాదం లోపలికి తిరిగి ఉంటే (దీన్నే క్లబ్‌ఫుట్ అంటారు) అమ్మానాన్నలు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఇదే. పసిగుడ్డు కాలికి కట్ల మీద కట్లు ఎందుకు, ఒక్క ఆపరేషన్‌తో తేల్చేసుకోవచ్చు కదా అని.

కట్లంటే ఇక్కడ పొన్సెటీ పద్ధతి. అమెరికాలో అయోవా యూనివర్సిటీలో పనిచేసిన ఇగ్నాసియో పొన్సెటీ పేరు మీద వచ్చింది. వారానికోసారి పాదాన్ని చేత్తో నెమ్మదిగా సరిచేసి, వేళ్ల నుంచి తొడ దాకా పిండికట్టు వేస్తారు. మామూలుగా 5 నుంచి 7 కట్లు పడతాయి. ఆఖర్లో చాలామంది పిల్లలకు మడమ వెనకున్న నరం లాంటి స్నాయువును చిన్న గాటుతో తెంచి, 3 వారాలు కట్టులో ఉంచుతారు. ఆలోగా అది మళ్ళీ అతుక్కుంటుంది. కీళ్లను తెరిచే పని ఇందులో లేదు.

పెద్ద ఆపరేషన్‌లో బిగుసుకున్న కీళ్లను విప్పుతారు. పాదం అప్పటికప్పుడు తిన్నగా కనిపిస్తుంది, నిజమే. కానీ లోపల గాయం మానిన చోట గట్టిపడి, పెద్దయ్యాక పాదం సరిగ్గా వంగక నొప్పి పెట్టే అవకాశం ఎక్కువ. పైగా ఆ తర్వాత కూడా కట్లు తప్పవు. అందుకే నా ఓటు కట్లకే.

అయితే అసలు పరీక్ష కట్లు విప్పాకే మొదలవుతుంది. కడ్డీకి బిగించిన బూట్లు మొదటి 3 నెలలు రోజుకు 23 గంటలు, తర్వాత 4 లేదా 5 ఏళ్లు వచ్చేదాకా నిద్రలో వేయాలి. పాదం చక్కగా ఉంది కదా అని మానేసిన ఇళ్లలోనే ఎక్కువగా వంకర తిరిగొస్తుంది. బూటు తొడిగేటప్పుడు మోకాలు వంచి, మడమను అడుగుకు ఆనించి, ముందు మధ్య పట్టీ బిగించండి. మడమ దగ్గరున్న రంధ్రంలోంచి మడమ ఆనిందో లేదో చూడండి. బొబ్బ లేస్తే బూటు బిగువైందనుకుని వదులు చేస్తారు. చాలాసార్లు వదులుగా ఉండి మడమ జారడం వల్లే లేస్తుంది. ముందు డాక్టరుకు చూపించండి. మొదటి కొన్ని రాత్రులు ఏడుపూ టెన్షనూ ఎలాగూ ఉంటాయి.

కట్టు ఉన్న రోజుల్లో వేళ్ల మీద కన్నేయండి. నొక్కితే తెల్లబడి వెంటనే గులాబీ రంగుకు రావాలి. వేళ్లు లోపలికి వెళ్లిపోతుంటే కట్టు జారినట్టే, అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.

రోజూ ఫిజియోథెరపీ, పట్టీలతో చేసే ఫ్రెంచ్ పద్ధతి కూడా ఉంది. అందులో ఆరితేరిన వాళ్లు దగ్గర్లో ఉంటేనే పని. ఇంట్లో మాలిష్‌తో మాత్రం సరికాదు.

నడక వచ్చాక మడమ నేలకు ఆనకపోయినా, పాదం బయటి అంచు మీద నడుస్తున్నా వెంటనే చూపించాలి. అప్పుడూ మొదటి మందు మళ్ళీ కట్లే. కాస్త పెద్ద పిల్లలైతే పాదాన్ని లోపలికి లాగే స్నాయువును జరిపే ఆపరేషన్ కావాల్సి రావచ్చు. కట్లతో ఎంతకీ లొంగని పాదానికే పెద్ద ఆపరేషన్.