కింద గాజుగిన్నె ఉన్న డీజిల్ ఫిల్టర్: ఆరు నెలల వాడకం తర్వాత

నా జనరేటర్‌కి ఈ ఫిల్టర్ కొన్నది అడుగున ఉన్న గాజుగిన్నె చూసే. డీజిల్ కంటే నీళ్లు బరువు కాబట్టి అడుక్కి దిగి, గీత గీసినట్టు విడిగా కనిపిస్తాయి. కింది ప్లగ్ వదులు చేస్తే బయటికి పోతాయి. పాత ఫిల్టర్‌లో నీళ్లు కనిపించక ఒక ఇంజెక్టర్ (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) తుప్పు పట్టి పాడైంది. ఆ బాధ ఇంకా ఉంది.

బిగించేటప్పుడు రబ్బరు రింగుకి శుభ్రమైన డీజిల్ రాసి, రింగు ఆనాక చేత్తోనే ముప్పావు చుట్టు తిప్పాను. పానాతో బిగిస్తే రింగు నలిగి గాలి లాగుతుంది. కొత్త ఫిల్టర్‌ని క్యాన్‌లోని డీజిల్‌తో నింపి పెట్టకండి, దయచేసి. వడకట్టని దుమ్ము నేరుగా పంపులోకి పోతుంది. ఖాళీగానే బిగించి, లోపలి గాలి బయటికి వదిలే స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా డీజిల్ ఎక్కించే హ్యాండ్ పంపు కొట్టాలి. నాకు 20 నిమిషాలు పట్టింది, చేతులు నొప్పెట్టాయి. కానీ ఇంజన్ మొదటి సెల్ఫ్‌కే అందుకుంది.

నచ్చనిది డ్రెయిన్ ప్లగ్ ఒక్కటే. మరీ చిన్నది, ప్లాస్టిక్‌ది. డీజిల్ అంటిన వేళ్లకి పట్టు దొరకదు. ఇప్పుడు వారానికోసారి గిన్నె చూస్తున్నాను. నిన్న అరచెంచా నీళ్లు తీశాను.