మేడమీద వైఫైకి రెండో రూటర్: మూడేళ్లు వాడాక

మేడమీద గదుల్లో వైఫై అందక రెండో రూటర్ కొందామనుకునేవాళ్లకు ముందుగా ఒక మాట. ఖర్చు పెట్టాల్సింది రూటర్ మీద కంటే రెండు పెట్టెల మధ్య నడిచే వైరు మీద. ఈ మూడేళ్లలో వచ్చిన దాదాపు ప్రతి ఇబ్బందీ చివరికి వైరులోనో, సెట్టింగుల్లోనో తేలింది. రూటర్‌ను తప్పు పట్టాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు.

అమరిక ఇది. కింది హాల్లో ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన ఓఎన్‌టీ పెట్టె (ఫైబర్ నుంచి నెట్ తీసి వైఫై ఇచ్చే కింది రూటర్) ఉంది. అక్కణ్ణుంచి దాదాపు పాతిక మీటర్ల క్యాట్6 నెట్‌వర్క్ వైరు మెట్ల పక్కన కేసింగ్ పట్టీలో పైకి వెళ్తుంది. పైన టీపీ-లింక్ ఆర్చర్ సీ6 రూటర్ యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైరులో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే పెట్టెగా, పనిచేస్తోంది. ఏసీ1200 తరగతి రూటర్ ఇది, పోర్టులన్నీ గిగాబిట్‌వి (1000 ఎంబీపీఎస్). ప్లాన్ 200 ఎంబీపీఎస్. ఇది పెట్టకముందు పై పడగ్గదిలో ఫోన్‌కి సిగ్నల్ -82 డీబీఎం చూపేది, వీడియో కాల్ నిమిషానికోసారి ఆగిపోయేది. ఇప్పుడు అదే మంచం దగ్గర -50 చుట్టూ ఉంటోంది, స్పీడు ప్లాన్‌లో ఉన్నంతా వస్తోంది. డీబీఎం అంకె సున్నాకి ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం. -67 దాకా వీడియో కాల్‌కి ఢోకా లేదు, -75 దాటితే కష్టం. ఫోన్‌లో గీతలు లెక్కపెట్టే బదులు ఆండ్రాయిడ్‌లో దొరికే వైఫై ఎనలైజర్ యాప్‌తో గది గదికీ తిరిగి ఈ అంకె రాసుకోండి. రూటర్ ఎక్కడ పెట్టాలో అదే చెబుతుంది.

కింద ఉన్న పెట్టె ఎంత మంచిదైనా స్లాబు దగ్గర ఓడిపోతుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు, అందులో అల్లిన ఇనుప చువ్వలు. వైఫై వాడే రెండు బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ కొంత దాటుతుంది, 5 గిగాహెర్ట్జ్ చాలావరకు అక్కడే ఆగిపోతుంది. పైన బీరువా, నిలువుటద్దం అడ్డొస్తే ఆ దాటిన కాస్తా పోతుంది.

గోడకి గుచ్చే రిపీటర్ (ఉన్న వైఫైని అందుకుని తిరిగి పంపే పెట్టె) చవక కాబట్టి మొదట అందరి చూపూ దాని మీదికే పోతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట పెడితే అది అందుకునేదే బలహీనమైన సిగ్నల్. పైగా చవక రకాలు ఒకే రేడియోతో వినాలి, మాట్లాడాలి, అందుకని స్పీడు సగానికి పడిపోతుంది. ఫోన్‌లో మాత్రం నిండుగా గీతలు కనిపిస్తాయి. అవి ఫోన్‌కీ రిపీటర్‌కీ మధ్య ఉన్న బలాన్నే చూపిస్తాయి, రిపీటర్‌కి అవతల ఏమవుతోందో వాటికి తెలియదు.

ఇక వైరు. కొట్లో క్యాట్6 అని అమ్మేవాటిలో చాలా వరకు లోపల అల్యూమినియం ఉండి, పైన రాగి పూత మాత్రమే ఉంటుంది. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా వెండి రంగు కనబడితే అది వద్దు. మలుపుల దగ్గర లోపలే విరుగుతుంది, జాక్‌లో పట్టు వదులుతుంది. అసలు రాగిదైతే ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది. దూరం గురించి దిగులు అక్కర్లేదు, గిగాబిట్ వంద మీటర్ల దాకా నడుస్తుంది. ఇంట్లోకి క్యాట్5ఈ అయినా చాలు, రాగి అయితే సరి. కరెంటు వైర్లు వెళ్లే పైపులోంచి మాత్రం దీన్ని లాగించకండి.

వైరు చివర్లకి జాక్ కొట్టించేటప్పుడు పక్కనే నిలబడండి. రెండు వైపులా ఒకే వరస ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. నీలం జంట మధ్యలోకి వచ్చి ఆకుపచ్చ జంటను విడదీస్తుంది. తప్పు ఎక్కువగా జరిగేది అక్కడే. పైతొడుగు కూడా జాక్ లోపలి దాకా వెళ్లి క్లిప్పు కింద నొక్కుకోవాలి. పోగులు బయట వేలాడుతుంటే నాలుగు నెలల్లో ఊడతాయి. ఈ ఇంట్లో మొదటిసారి కొట్టిన జాక్‌లో గోధుమ పోగు పిన్నుకి అందలేదు. నెట్ వచ్చింది, కానీ ఎన్నిసార్లు చూసినా 94 ఎంబీపీఎస్ దాటలేదు. 94 దగ్గర ఆగిందంటే కారణం దాదాపు ఖాయం: రెండు పెట్టెల మధ్య లింకు 100 ఎంబీపీఎస్ మీద కుదిరింది. 100కి నాలుగు పోగులు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. నీలం, గోధుమ జంటల్లో ఒక్క పోగు తెగినా సాధారణంగా పెట్టెలు రెండూ చడీచప్పుడు లేకుండా 100కి దిగిపోతాయి, ఎవరూ చెప్పరు. జాక్ మార్చగానే మిగతా స్పీడు వచ్చేసింది. మరో కారణం కూడా ఉండొచ్చు. కొన్ని ఓఎన్‌టీల్లో ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100వి. వెనక జీఈ (గిగాబిట్), ఎఫ్‌ఈ (100) అని రాసి ఉంటే జీఈలోనే పెట్టాలి.

సెట్టింగు పావుగంట పని. వరస తప్పితే మాత్రం ఇల్లంతా నెట్ ఆగుతుంది. రూటర్‌ను వైరుకి కలపకముందే ల్యాప్‌టాప్‌తో దాని సెట్టింగుల పేజీ తెరిచి, అడ్వాన్స్‌డ్‌లో ఆపరేషన్ మోడ్‌ను యాక్సెస్ పాయింట్‌గా మార్చి సేవ్ చేయండి. రీస్టార్ట్ అయ్యాక వైరు పెట్టండి. ఆ తర్వాత దాని ఐపీ చిరునామాని (ఇంటి నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే అంకె) ఓఎన్‌టీయే ఇస్తుంది. ఓఎన్‌టీలో కనెక్ట్ అయిన పరికరాల జాబితాలో ఆ అంకె చూసి, దాన్ని మారకుండా రిజర్వ్ చేసి, రూటర్ అడుగున చీటీ అంటించండి. ఆరు నెలల తర్వాత అవసరం పడుతుంది.

అటకెక్కిన పాత రూటర్‌లో ఆ మోడ్ లేకపోయినా పని జరుగుతుంది. ముందు దాని ఐపీని ఓఎన్‌టీ వరసలోకి మార్చండి. ఓఎన్‌టీ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.250 ఇచ్చి, ఓఎన్‌టీ పంచే చిరునామాల పరిధిని 192.168.1.200 దగ్గర ఆపండి. తర్వాత దీనిలో డీహెచ్‌సీపీ (పరికరాలకి ఐపీ చిరునామాలు పంచే సెట్టింగు) ఆపేయండి. వైరును వాన్ (బయటి నెట్ వచ్చే) పోర్టులో కాక ల్యాన్ (ఇంటి పరికరాలు కలిపే) పోర్టులో పెట్టండి. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే రెండు పెట్టెలూ చిరునామాలు పంచడం మొదలుపెడతాయి. కొన్ని ఫోన్లకి నెట్ వస్తుంది, కొన్నిటికి “కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు” అని వస్తుంది, ఏది ఎందుకో అంతుబట్టదు. మోడ్ మార్చకుండా వాన్‌లో పెడితే బ్రౌజింగ్ బాగానే ఉంటుంది. కానీ పైన ఉన్న ఫోన్‌కి కింది టీవీ, ప్రింటర్ కనిపించవు.

పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం రెండిట్లో ఒకటే పెట్టండి, ఛానెళ్లు వేరు చేయండి. ఇక్కడ కింద 1, పైన 11, రెండూ 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో. 5 గిగాహెర్ట్జ్‌లో కింద 36, పైన 149. ఆటోలో వదిలేస్తే రెండూ ఒకే ఛానెల్‌కి చేరిన సందర్భాలున్నాయి.

ఇప్పటికీ పూర్తిగా తీరని లోటు మెట్ల మీద ఉంది. కింద నుంచి పైకి వెళ్లినప్పుడు ఫోన్ పాత పెట్టెనే పట్టుకుని వేలాడుతుంది. ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే, రూటర్ కాదు. ఐఫోన్లు సిగ్నల్ -70 కంటే తగ్గితే గానీ వేరే దానికోసం వెతకవు. అందుకే 2.4 గిగాహెర్ట్జ్ పవర్‌ను రెండిట్లోనూ మీడియంకి దించితే చాలా మెరుగైంది. కింది సిగ్నల్ త్వరగా బలహీనపడుతుంది, ఫోన్ త్వరగా వదిలేస్తుంది. అయినా మాట్లాడుతూ మెట్లెక్కితే వాట్సాప్ కాల్ ఒకటి రెండు సెకన్లు తడబడుతుంది. ఆ మాత్రం కూడా వద్దనుకుంటే మెష్ కిట్ (ఒకే నెట్‌వర్క్‌గా కలిసి పనిచేసే పెట్టెల జత) కొనండి, కాని దాని పెట్టెల మధ్య కూడా వైరే వేయండి. వైరు వేసే వీలు లేని అద్దె ఇంట్లో మాత్రం వైర్‌లెస్ మెష్ తప్ప మంచి దారి లేదు.

యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పేరెంటల్ కంట్రోల్, క్యూఓఎస్ (ఏ పరికరానికి నెట్ ముందు ఇవ్వాలో చెప్పే సెట్టింగు) లాంటివి పనిచేయవు. అవి కావాలంటే ఓఎన్‌టీలోనే చూసుకోవాలి.

చివరిది కరెంటు సంగతి. కింది పెట్టె ఇన్వర్టర్ లైన్ మీద ఉండి పైది మామూలు ప్లగ్గులో ఉంటే, కరెంటు పోయిన ప్రతిసారీ పై గదులకి నెట్ పోతుంది. రూటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ కొనేముందు అడాప్టర్ మీద వోల్టులు, ఆంప్స్ చదవండి. చాలా రూటర్లు 12 వోల్ట్‌లవి, కొన్ని పాతవి 9వి. పిన్ను రెండిటికీ ఒకేలా పడుతుంది. 9 వోల్టుల రూటర్‌కి 12 ఇస్తే కాలిపోయే ప్రమాదం ఉంది. యూపీఎస్ ఇచ్చే ఆంప్స్ అడాప్టర్ మీద రాసినదానికి సమానంగానో, ఎక్కువగానో ఉండాలి. తక్కువైతే కరెంటు పోయిన క్షణంలోనే రూటర్ రీస్టార్ట్ అవుతుంది.