ఒరియా అమ్మకు ఒరియాలో, మా క్లాసుకి తెలుగులో: చిన్నపిల్లల బడిలో కొన్నేళ్లు వాడి చూసిన వనరులు

స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైటుని కరోనా సెలవుల్లో వాడటం మొదలుపెట్టాను. బడి తెరిచాక మానేస్తాననుకున్నాను గానీ మానలేదు. గాజువాక దగ్గర ఒక చిన్న ప్రీస్కూల్లో మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలు నా క్లాసులో ఉంటారు. వాళ్ల నాన్నలు ఎక్కువమంది స్టీల్‌ప్లాంటు, పోర్టు, ఆటోనగర్ పనులవాళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లతో పాటు ఒరియా, హిందీ కుటుంబాలూ ఉన్నాయి. ఈ ఇంటిభాషల సంగతే నా సమీక్ష మొత్తాన్నీ నడిపిస్తుంది, ఎందుకంటే టీచర్‌కి నచ్చే వనరు ఇంటికి వెళ్లేసరికి పనికిరాకుండా పోయేది అక్కడే.

తెలియనివాళ్ల కోసం: స్టోరీవీవర్‌ని బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2015లో తెచ్చింది. బొమ్మల కథల పుస్తకాలు వందల భాషల్లో, డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు, పీడీఎఫ్ దించుకోవచ్చు. లైసెన్సు కూడా బాగా ఉదారమైనది. రాసినవాళ్ల పేరు, బొమ్మలు వేసినవాళ్ల పేరు ఉంచితే చాలు, ప్రింటు తీయొచ్చు, పంచొచ్చు, మార్చుకోవచ్చు కూడా. జిరాక్స్ షాపులో పుస్తకం కాపీ తీయించేటప్పుడు ఉండే గిల్టు ఇక్కడ లేదు.

నాకు బాగా అక్కరకొచ్చింది ఏమిటంటే, ఒకే కథ అవే బొమ్మలతో తెలుగులో, ఒరియాలో, హిందీలో దొరకడం. అన్ని కథలకీ మూడు భాషలూ ఉండవు, వెతుక్కోవాలి. దొరికినప్పుడు మాత్రం క్లాసులో తెలుగులో చదివి, ఒరియా ఇంటికి ఒరియా ప్రింటు పంపిస్తాను. మర్నాడు ఆ పిల్ల కథలో ముందేం జరుగుతుందో తెలిసినట్టు కూర్చుంటుంది. తెలుగు మాటలు దానికి అప్పుడు కొత్త శబ్దాలు కావు, తెలిసిన కథకి వేసిన ఇంకో చొక్కా. అంతకుముందు బడి గేటు దగ్గర నమస్కారం పెట్టి వెళ్లిపోయే ఆ అమ్మ, ఇప్పుడు 'టీచర్, ఇంకో కథ ఉందా' అని ఆగుతోంది. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఎనిమిదేళ్ల వరకు వీలైనంత మేరకు ఇంటిభాషలో నేర్పమంటుంది. కాగితం మీద చదివితే ఆదర్శంలా అనిపించే మాట, చేతిలో ఒరియా ప్రింటు ఉంటే చేయగలిగిన పనిలా కనిపిస్తుంది.

ఇక స్థాయిల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, కొత్త టీచర్లు ఇక్కడే తికమక పడతారు. కథల్ని ఒకటి నుంచి నాలుగు వరకు స్థాయిలుగా విడదీశారు. మొదటి స్థాయి అంటే 250 మాటల లోపు, రెండోది 600 దాకా, అలా. మాటల లెక్క ఇంగ్లీషుకి సరిపోతుంది. తెలుగులో 'పరిగెత్తుకుంటూ', 'కనిపించకపోయేసరికి' లాంటివన్నీ ఒక్కో మాటే కదా! లెక్క తక్కువే వస్తుంది, నోరు మాత్రం తిరగదు. పైగా ఒత్తులు. అందుకని పిల్లలు తాము చదవడానికి, నేను చదివి వినిపించడానికి వేరువేరు కట్టలు పెట్టుకున్నాను. వినిపించే కట్టలో రెండో స్థాయి, అప్పుడప్పుడూ మూడో స్థాయి కథలు కూడా హాయిగా నడుస్తాయి. పిల్లలు చేతిలో పట్టుకునే కట్టలో మాత్రం పేజీకి ఒక చిన్న వాక్యం ఉన్నవే. ఉన్న కథని తగ్గించి కొత్త స్థాయిలో రాసుకునే వీలు సైట్‌లోనే ఉంది. వాక్యాలు కుదించి మన పిల్లల నోటికి తగ్గట్టు చేసుకోవచ్చు. ఒక ఆదివారం మధ్యాహ్నం దీనికి ఖర్చుపెట్టండి, దండగ కాదు.

ఎవరైనా అనువదించి పెట్టగల చోటు కాబట్టి అనువాదాలన్నీ ఒక తీరుగా ఉంటాయని ఆశించకూడదు. నేను చేసేది ఒకటే. ఏ కథయినా క్లాసుకి తీసుకెళ్లే ముందు బయటికి వినిపించేలా ఒకసారి చదువుతాను. అమ్మమ్మ చెప్పినట్టు ఉంటే కట్టలోకి, రేడియో వార్తల్లా ఉంటే పక్కకి.

ఫోనులో చూపించాలా, ప్రింటు తీయాలా? తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకి గంటకు మించి తెర వద్దని, తక్కువైతే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంటా చాలా ఇళ్లలో పొద్దున అన్నం పెట్టేటప్పుడే అయిపోతుందని మనకి తెలుసు. కాబట్టి నా ఓటు కాగితానికే. రంగుల ప్రింటు ఖరీదు, నలుపు తెలుపులో తీసి పిల్లల చేత రంగులు వేయిస్తే పుస్తకం వాళ్లదవుతుంది. ఒక పిల్లాడి నాయనమ్మ ఆ కాగితాలు పట్టుకొచ్చి, 'నాకు సదువు రాదు గదమ్మా, బొమ్మలు సూసి సెప్పేస్తన్నాను' అంది. ఆవిడ చెప్పే కథకీ అందులో ఉన్న కథకీ సంబంధం లేదు. ఆవిడదే బాగుంది.

ప్రభుత్వం తెచ్చినవాటిలో నేను తరచూ తెరిచేవి రెండు, రెండూ కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2024లో ఇచ్చినవే. ఆధార్‌శిల మూడు నుంచి ఆరేళ్లవాళ్లకి, 48 వారాల ప్రణాళిక. అంగన్‌వాడీల కోసం తయారైనదే అయినా ప్రైవేటు ప్రీస్కూలు టీచర్లు కూడా చదవాలి. వారానికి ఏం చేయాలో తోచనప్పుడు అదే దిక్కు. నవచేతన పుట్టిన దగ్గర్నుంచి మూడేళ్ల దాకా, 36 నెలల క్యాలెండరులో 140 పనులు. ఇది టీచర్లకన్నా ఇంట్లో పసిబిడ్డ ఉన్నవాళ్లకి ఉపయోగం. చాలా పనులకి గిన్నె, గరిటె, పాత చీర ముక్క చాలు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన జాదూయి పిటారా పెట్టె, అంటే బొమ్మలు, పజిళ్లు, కార్డులు, కథల పుస్తకాలు ఉన్నది, ఆలోచనగా బాగుంది. పెట్టె కొనకపోయినా అందులో ఏమేం ఉన్నాయో చూసి సగం సామాను పూర్ణా మార్కెట్లో పోగేయొచ్చు.

అన్నిటికన్నా తక్కువ వాడేది, అందరి ఇంట్లోనూ ఉన్నది ఇంకొకటుంది. గర్భిణిగా ఉన్నప్పుడు ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డు. టీకాల పేజీ నలిగిపోయి ఉంటుంది, ఏ వయసుకి బిడ్డ ఏం చేయాలో బొమ్మలతో చూపించిన పేజీలు మాత్రం కొత్తగా మెరుస్తుంటాయి. అడ్మిషన్ల రోజు ఆ కార్డు తెమ్మంటాను. మూడేళ్లొచ్చినా రెండు మాటలు కలపని పిల్లాడి గురించి 'మగపిల్లలు ఆలస్యంగా మాట్లాడతార్లెండి' అని ఇంట్లో అందరూ సర్దిచెప్పేసుకుంటారు. టీచర్ చెబితే నొచ్చుకుంటారు, కార్డు మీద ఉంటే ఆలోచిస్తారు. తర్వాత ఎక్కడికి వెళ్లాలో కూడా తెలిసి ఉండాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలని ఏడాదికి రెండుసార్లు పరీక్షిస్తారు, అవసరమైతే జిల్లా స్థాయిలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. మీ పిల్లలు ప్రైవేటు ప్రీస్కూల్లో ఉన్నా దగ్గరి అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి.

డబ్బు పెట్టి కొన్నవాటిలో మాత్రం ఏటికొప్పాక బొమ్మలకే నా పూర్తి మార్కులు. వరాహ నది ఒడ్డు ఊరు, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. అంకుడు కర్రని తిప్పుతూ లక్క పూస్తారు, పసుపు, నీలి లాంటి సహజ రంగులు కలుపుతారు. నోట్లో పెట్టుకునే వయసువాళ్లకి అందుకే ధైర్యంగా ఇస్తాను. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చాక పేరు పెరిగింది, పేరుతో పాటు అదే రూపంలో మామూలు పెయింటు వేసినవీ రోడ్ల మీద కనిపిస్తున్నాయి. రంగు వాసన వచ్చినా, తడిగుడ్డతో తుడిస్తే రంగు అంటినా వద్దనండి. క్లాసుకి వంటసామాను సెట్టు, ఒకదానిలో ఒకటి ఇమిడే బొమ్మలు, గుండ్రటి గిలక్కాయలు తీసుకోండి. లెక్కలు, చిన్నాపెద్దా, రంగులు, మాటలు అన్నీ వాటితోనే అయిపోతాయి. మూడేళ్లలోపు వాళ్లకి మాత్రం ఊడొచ్చే చక్రాలు, పూసలు ఉన్నవి కొనకండి. బొంగరాలు మా క్లాసులో ఐదేళ్లవాళ్లకే, అదీ వరండాలో.