నేలపట్టు ముందు, పులికాట్ తర్వాత

తిరుపతి నుంచి పక్షుల కోసం ఒక్కరోజే తీరిక దొరికితే నేలపట్టు పక్షుల కేంద్రానికే వెళ్లండి. పులికాట్ సరస్సు పెద్దది, పేరూ దానికే ఎక్కువ. కానీ పులికాట్‌కి పక్షి మేతకొస్తుంది, నేలపట్టులో కాపురం పెడుతుంది. గూడు కట్టడం, పొదగడం, పిల్లల్ని మేపడం అన్నీ ఒకే చెరువు గట్టు మీద నిలబడి చూడొచ్చు.

శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా దొరవారిసత్రం దాకా వెళ్లాలి. హైవే నుంచి పక్షుల కేంద్రం 2 కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. బస్సులో వచ్చేవాళ్లు దొరవారిసత్రంలో ఆటోని రానూపోనూ మాట్లాడుకోవడం మేలు, తిరిగొచ్చేటప్పుడు గేటు దగ్గర బండి దొరుకుతుందన్న భరోసా లేదు. తాగే నీళ్లు, టిఫిన్ వెంట ఉండాలి.

బయల్దేరే ముందు అడగాల్సింది ఒకటే: చెరువు నిండిందా? ఇక్కడి చెట్లు నీళ్లలోనే నిలిచి పెరుగుతాయి. చుట్టూ నీళ్లుంటేనే పిల్లులు, కుక్కలు చెట్టు దగ్గరికి రావన్న ధీమాతో పక్షులు గూడు పెడతాయి. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేస్తే ఆ ఏడు గూళ్లు పలచబడతాయి. వానలు బాగా పడిన ఏడు డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను.

వాచ్ టవర్ మీంచి చూస్తే ఒక్కో చెట్టు మీద గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు కూడా అక్కడే. తల్లి గూడబాతు బారెడు ముక్కు తెరవగానే పిల్ల తలని మెడదాకా ముక్కు కింది సంచిలోకి దూర్చేస్తుంది. లోపల చేప కోసం పెనుగులాడుతుంటే తల్లి మెడంతా ఊగిపోతుంది. ఈ దృశ్యానికి 8x42 బైనాక్యులర్ చాలు. ఫొటోకైతే 400 ఎంఎం లెన్స్ ఉండాలి.

దగ్గరికెళ్లి చూద్దామనే ఆశే ఇక్కడ ఎక్కువ చేటు చేస్తుంది. దగ్గరికెళ్లినా, గట్టిగా అరిచినా, చప్పట్లు కొట్టినా పొదుగుతున్న పక్షి లేస్తుంది. అది తిరిగొచ్చేలోపు కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి, లేదా గుడ్లు ఎండకు మాడతాయి. ఎగిరిన పక్షుల ఫొటో కోసం అరిచేవాళ్లు కనబడితే మొహమాటపడకుండా వారించండి.

ఈ చెరువు 1976 నుంచి రక్షిత కేంద్రం. అయినా పక్షుల్ని నిలబెట్టింది కాగితం మీది ఉత్తర్వు ఒక్కటే కాదు. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి పారితే నత్రజని, భాస్వరం ఎరువు బస్తా కొనకుండానే అందుతాయి. పక్షులొచ్చిన ఏడు పంట బాగుంటుందని ఊరి నమ్మకం, దానికి పొలంలోనే రుజువుంది. అదే రెట్ట ఏళ్ల తరబడి ఆకుల మీద పేరుకుంటే చెట్లు నీరసిస్తాయి. వేర్లు నెలల తరబడి నీళ్లలో నానడం ఇంకో దెబ్బ. అందుకే ఇలాంటి చెరువుల్లో మట్టి దిబ్బలు పోసి కొత్త మొక్కలు పెంచాలి. అవి గూడు మోసే చెట్లవడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి పాతవి పడిపోయేదాకా ఆగకూడదు.

బసకి సూళ్లూరుపేట మేలు, నేలపట్టు అక్కణ్ణుంచి 20 కిలోమీటర్లే. తిరుపతిలో ఉండి తెల్లారేసరికి గట్టు మీద ఉండాలంటే నాలుగింటికల్లా లేవాలి. అయితే శ్రీహరికోటలోని ఇస్రో కేంద్రం షార్‌లో రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో, ఫ్లెమింగో పండుగప్పుడు గదుల కోసం ముందే ఫోన్ చేయాలి. 2001లో మొదలైన ఈ పండుగ పక్షుల పేరు ఊరూరా తీసుకెళ్లింది, అది నిజమైన మేలు. పక్షుల్ని తీరిగ్గా చూడాలంటే మాత్రం పండుగ అయ్యాక వచ్చే మామూలు వారమే బాగుంటుంది.

పులికాట్‌ని సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీంచే చూడాలి. ఈ రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కనుక రోడ్డుకు ఉత్తరం పక్కనున్న రాజహంసల (ఫ్లెమింగోల) మీద వెలుగు చక్కగా పడుతుంది, దక్షిణం పక్కవి నల్లటి నీడల్లా కనిపిస్తాయి. పొద్దెక్కాక నీళ్ల మీద వేడి గాలి ఆడి ఎంత మంచి లెన్స్‌లోనైనా బొమ్మ వణుకుతుంది. తొమ్మిదిలోపే పని ముగించుకోండి. చివర షార్ చెక్‌పోస్టు, పాసు లేకుండా దాటనివ్వరు. డ్రోన్ ఊసే వద్దు. బురదలోకి దిగి దగ్గరికి నడవడమూ వద్దు: రాజహంస ముక్కు తలకిందులు చేసి బురదనీళ్లు వడకట్టుకుని తింటుంది, మాటిమాటికీ లేపితే ఆ పూట మేత పోయినట్టే.

నేలపట్టులో గూటి నుంచి జారిపడిన పిల్ల కనబడితే చేతుల్లోకి తీసుకోకండి, నోట్లో నీళ్లు పోయకండి. ఏ చెట్టు కిందో గుర్తుపెట్టుకుని గేటు దగ్గరి సిబ్బందికి వెంటనే చెప్పండి.