ఉప్పుగాలిలో హీత్‌కిట్ డీఎక్స్-60బీ: ఏళ్ల తరబడి ఏఎం మీద వాడాక

డీఎక్స్-60బీ అనే పాత హ్యామ్ రేడియో (అభిరుచి కోసం లైసెన్సుతో నడిపే రేడియో) ట్రాన్స్‌మిటర్ కొనాలా వద్దా అని నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది వాల్వుల దగ్గరే మొదలుపెడతారు. పవరిచ్చే 6146 వాల్వు దొరుకుతుందా, ఎంత పడుతుంది, ఎన్నాళ్లు వస్తుంది అని. గోదావరి డెల్టాలో ఉండేవాళ్లు ముందు అడగాల్సింది అది కాదు. పాలకొల్లు దగ్గర మా ఇంట్లో ఈ సెట్‌ని చాలా ఏళ్లుగా 40 మీటర్ల బ్యాండులో (7 మెగాహెర్ట్జ్ దగ్గర), ఎక్కువగా ఏఎంలోనే (మాటను బట్టి రేడియో అల ఎత్తు మారే పద్ధతి) వాడుతున్నాను. వాల్వు పోయి సెట్ ఆగడం చాలా అరుదు. దాన్ని ఆపేవి తేమ, ఎగిరిపడే కరెంటు, సరిగ్గా బిగించని ఎర్త్. ఈ మూడూ చూసుకోగలిగితే తీసుకోండి. చూసుకోలేకపోతే బొమ్మగా షోకేసులో పెట్టుకోవడానికి తప్ప పనికిరాదు.

తెలియనివాళ్ల కోసం కొంచెం. హీత్‌కిట్ అమెరికాలో కిట్లు అమ్మిన కంపెనీ. డీఎక్స్-60 మొదట 1962లో వచ్చింది, ఆ తర్వాత ఏ, బీ రకాలు వచ్చాయి. కొన్నవాళ్లే సాల్డరింగ్ చేసి బిగించుకోవాలి కాబట్టి ఏ రెండు సెట్లూ ఒకేలా ఉండవు. నా సెట్ బిగించినాయన ఎవరో గానీ చేయి మంచిది, వైర్లు ముద్దుగా మడిచి కట్టాడు. లోపల సిగ్నల్ పుట్టించి చివరి వాల్వుకు అందించడానికి రెండు 6సీఎల్6లు, మైకు ఆడియోకి 12ఏఎక్స్7, మాటను రేడియో అల మీద ఎక్కించే మాడ్యులేటర్‌గా 6డీఈ7, చివర్లో ఒక్క 6146. 80 నుంచి 10 మీటర్ల దాకా, 90 వాట్ల ఇన్‌పుట్. ఇది ట్రాన్స్‌మిటర్ మాత్రమే. రిసీవర్, వీఎఫ్‌వో (ఫ్రీక్వెన్సీ మార్చుకునే పరికరం), ఏరియల్ మార్చే రిలే అన్నీ విడిగా చూసుకోవాలి.

కరెంటు సంగతి. అమెరికా సెట్ కాబట్టి 117 వోల్టుల మీద నడుస్తుంది. చాలామంది బజార్లో దొరికే 230 నుంచి 110 స్టెప్‌డౌన్ పెట్టి పని అయిపోయిందనుకుంటారు. మన ఊళ్లలో 230 ఎప్పుడుంటుంది? భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల ఏరేటర్లు ఒక్కసారిగా తిరగడం మొదలైతే లైను 190కి దిగిపోతుంది. అర్ధరాత్రి దాటాక 250కి ఎక్కుతుంది. ఆ స్టెప్‌డౌన్ గుండా వచ్చేసరికి అది ఒకసారి 91 వోల్టులు, ఒకసారి 120. వాల్వుల హీటరుకు 6.3 వోల్టులు ఉండాల్సిన చోట 91 దగ్గర 4.9 మాత్రమే అందుతుంది. హీటరు చల్లగా ఉండి కేథోడ్ (వాల్వులో ఎలక్ట్రాన్లు వదిలే భాగం) నుంచి కరెంటు లాగితే వాల్వు ఆయుష్షు తగ్గుతుంది, మాట కూడా చిరుగుతుంది.

ఎక్కువ వోల్టేజీ ఇంకో రకం బాధ. 60 సైకిళ్ల (హెర్ట్జ్) కరెంటు ఉన్న దేశంలో పుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు మన 50 సైకిళ్లు ఇస్తే అదే వోల్టేజీకి కోర్‌లో అయస్కాంత ఫ్లక్స్ 20 శాతం పెరుగుతుంది. పేపరు మీద పనిచేస్తుందనే ఉన్నా వేడి ఖాయం. ఫ్లక్స్ మునుపటిలా ఉండాలంటే 117ను 97కు తగ్గించాలి, కానీ అప్పుడు హీటరు 5.2కు పడిపోతుంది. రెండింటి మధ్యా రాజీ కుదరాలి. నేను వేరియాక్‌తో (తిప్పి వోల్టేజీ మార్చుకునే ట్రాన్స్‌ఫార్మర్) 108 వోల్టుల దగ్గర నిలిపాను. హీటరు 5.8 వస్తుంది, పదిశాతం లోపు తేడాయే, 6146 దాన్ని ఓర్చుకుంటుంది. గంటసేపు కబుర్లు చెప్పినా ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెట్టగలుగుతున్నాను. వేరియాక్‌కు ముందు ఒక సర్వో స్టెబిలైజర్ ఉంది. ఈ రెండింటికీ పెట్టిన డబ్బు సెట్ ధరలో సగం ఉంటుందేమో. అయినా ముందు కొనాల్సింది అవే.

పాత సెట్‌ని తెచ్చిన రోజే ప్లగ్గు పెట్టకండి. మూలపడి ఉన్న ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు సగం చచ్చి ఉంటాయి. వాటిని మెల్లగా వోల్టేజీ ఎక్కించి బతికించే పద్ధతి ఒకటుంది, నాకు దానిమీద నమ్మకం లేదు. మొత్తం పీకేసి 105 డిగ్రీల రకం కొత్తవి వేశాను. హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) వైపు సీరీస్‌లో ఉన్న కండెన్సర్లకు అడ్డంగా వేసే రెసిస్టర్లను కూడా తప్పకుండా మార్చాలి. అవి విలువ మారితే ఒక కండెన్సర్ మీద ఎక్కువ వోల్టేజీ పడి, అది పేలేదాకా వస్తుంది. స్విచ్ ఆపాక కూడా లోపల ఆరేడు వందల వోల్టులు కొంతసేపు నిలబడి ఉండొచ్చు. రెసిస్టర్ కట్టిన కర్రతో ఛాసిస్‌కు (సెట్ లోహపు చట్రానికి) తాకించి ఖాళీ చేశాకే చెయ్యి లోపల పెట్టాలి. ఒక చెయ్యి జేబులో ఉండాలన్న పాత మాట చాదస్తం కాదు.

రెండు పిన్నుల తీగ తీసేసి మూడు పిన్నులది వెయ్యండి. పాత సెట్లలో లైను నుంచి ఛాసిస్‌కు కండెన్సర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే పెట్టె ముట్టుకోగానే జివ్వుమంటుంది. వాటి స్థానంలో సేఫ్టీ రకం వై కండెన్సర్లు వేశాను. ఇంటి ఎర్త్ గుంట ఎండిపోకుండా చూసుకోవడం మా దగ్గర సులువే, నాలుగడుగులు తవ్వితే నీళ్లు.

అదే నీరు గాల్లోనూ ఉంటుంది. శ్రావణం ముసుర్లలో మా గోడలే చెమ్మగిలుతాయి, ఇక నరసాపురం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి సంగతి చెప్పనక్కర్లేదు. ఈ సెట్‌కు పాత క్రిస్టల్ మైకు బాగా నప్పుతుంది, ఎందుకంటే మైకు ఇన్‌పుట్ ఎక్కువ ఇంపీడెన్సుది. కానీ ఆ మైకు లోపల ఉండేది రోషెల్ సాల్ట్ స్ఫటికం. అది పేరుకే కాదు, నిజంగానే ఉప్పు. తేమ తగిలితే కరుగుతుంది. నా సెట్‌తో వచ్చిన మైకు మొదటి వానాకాలం గడిచేసరికి గొణుగుడికి దిగింది. విప్పి చూస్తే పలక జిగటగా ఉంది. పై డొల్ల అలాగే ఉంచి లోపల ఎలెక్ట్రెట్ మైకు గుండీ, ఒక ఎఫ్ఈటీ (ఒక రకం ట్రాన్సిస్టర్) ప్రీయాంప్లిఫయర్ పెట్టాను. పాత మైకులు సేకరించేవాళ్లు తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి.

బ్యాండ్ స్విచ్ పలకల మీద పట్టే చిలుము ఇంకో తలనొప్పి. ఒక రోజు 6146కు వెళ్లే సిగ్నల్ (డ్రైవ్) వస్తుంది, మర్నాడు రాదు, నాబ్ కాస్త కదిపితే మళ్లీ వస్తుంది. చాలామంది వెంటనే 6సీఎల్6 మార్చేస్తారు. వాల్వును నిందించే ముందు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాబ్‌ను ఇరవైసార్లు తిప్పండి. వాల్వు సాకెట్ల పిన్నులకూ అంతే. సెట్‌ని నేను చెక్క బీరువాలో పెట్టి కింద 40 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు ఒకటి వెలిగించి ఉంచుతాను, వానాకాలమంతా. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు, వేడి ఉండదు, పైగా రిసీవర్‌లో గోల పెడుతుంది. బల్బు వెచ్చదనానికి బల్లులు చేరతాయి కాబట్టి కన్నాలకు దోమల జాలీ కొట్టాను. హెచ్‌టీ మీద బల్లి పడితే బల్లికే కాదు, డయోడ్లకూ ఆయువు మూడుతుంది.

ఇక అసలు విషయం, ఏఎం ఆడియో. ఈ సెట్‌లో ఉన్నది స్క్రీన్ మాడ్యులేషన్ (6146 లోపలి స్క్రీన్ అనే జాలీ వోల్టేజీని మాటతో మార్చడం), అందులోనూ కంట్రోల్డ్ క్యారియర్. మీరు మాట్లాడకుండా ఉంటే క్యారియర్ (మాటను మోసే రేడియో అల) కొంచెమే ఉంటుంది, గొంతు లేచేకొద్దీ అదీ లేస్తుంది. కంపెనీవాళ్లు ఇలా ఎందుకు చేశారంటే ఖర్చు. 90 వాట్ల ఇన్‌పుట్‌ను ప్లేటు (వాల్వు పవరు బయటికిచ్చే పలక) దగ్గర పూర్తిగా మాడ్యులేట్ చేయాలంటే 45 వాట్ల ఆడియో కావాలి, దానికో బరువైన మాడ్యులేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. స్క్రీన్ దగ్గర చిన్న 6డీఈ7 సరిపోతుంది. దీనికి మూల్యం వినేవాడు చెల్లిస్తాడు. మాటకూ మాటకూ మధ్య క్యారియర్ దిగగానే అవతలి రిసీవర్ ఏవీసీ (ధ్వనిని సమంగా ఉంచే సర్క్యూట్) గెయిన్ పెంచేస్తుంది, హోరు ఉప్పెనలా లేస్తుంది. సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ ముల్లు ఒక చోట నిలవదు.

ఇది చూసి అందరికీ వచ్చే ఆలోచన క్యారియర్‌ను స్థిరంగా నిలిపేద్దామని. 6డీఈ7 బయాస్ (దాన్ని ఒక స్థాయిలో నిలిపే వోల్టేజీ) మార్చితే అది అయ్యే పనే. లెక్క మాత్రం ముందు వేసుకోండి. స్క్రీన్ మాడ్యులేషన్‌లో స్థిర క్యారియర్ దగ్గర సామర్థ్యం మూడో వంతుకు అటూఇటూ. 6146 ప్లేటు తట్టుకునే వేడి 25 వాట్లు. అంటే ఇన్‌పుట్ 37 వాట్లు దాటకూడదు, క్యారియర్ 12 వాట్లు. అంతకంటే ఎక్కువ అడిగితే ప్లేటు ఎర్రబారుతుంది. మా గోదావరి వాళ్ల కబుర్లు ఒక పట్టాన "ఓవర్" (ఇక మీ వంతు) అనవు కదా, పది నిమిషాలపాటు ఎర్రగా కాలే ప్లేటు ఎన్నాళ్లుంటుంది? అందుకే నేను మధ్య దారి పట్టాను. మాట్లాడనప్పుడు ఉండే క్యారియర్‌ను కొంచెం పెంచి, మిగతాది కంట్రోల్డ్‌గానే వదిలేశాను. హోరు తగ్గింది, వాల్వు చల్లగా ఉంది. 6146బీ వేస్తే 35 వాట్ల దాకా తట్టుకుంటుంది గానీ, పాత 6146 కోసం న్యూట్రలైజ్ చేసిన (వాల్వు దానంతటది కూయకుండా సర్దిన) సెట్లలో కొన్నిసార్లు అది కుదురుగా ఉండదు. వేస్తే న్యూట్రలైజేషన్ మళ్లీ చూసుకోవాలి.

గొంతు పలచగా ఉందన్న ఫిర్యాదుకు మందు కప్లింగ్ కండెన్సర్లలో (ఆడియోను ఒక దశ నుంచి ఇంకో దశకు దాటించేవి) ఉంది. 470 కిలో ఓముల గ్రిడ్ (వాల్వులోకి సిగ్నల్ వెళ్లే జాలీ) రెసిస్టర్ ముందు 1 నానోఫారడ్ కండెన్సర్ ఉంటే 340 హెర్ట్జ్ కింద అంతా పడిపోతుంది. మగవాళ్ల గొంతు అడుగు స్వరం ఉండేదే 100, 150 మధ్య. చాలామంది 10 నానోఫారడ్ వేసి 34 హెర్ట్జ్ దాకా తెరిచేస్తారు. నాకది నచ్చదు. ఆ లోతులో మాట ఉండదు, ఫ్యాను మోతా, కరెంటు హమ్మూ (గుయ్యిమనే మోత) ఉంటాయి, ఉన్న కాస్త పవరూ అవే తినేస్తాయి. 3.3 నానోఫారడ్ వేస్తే 100 హెర్ట్జ్ దగ్గర కోత పడుతుంది, నాకది చాలు. పైవైపు 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఆపాను, అప్పటికే 6 కిలోహెర్ట్జ్ వెడల్పు అవుతుంది. రాజమండ్రిలో ఉండే ఒక పెద్దాయన ఈ మార్పు తర్వాత, "ఆయ్, ఇప్పుడు విజయవాడ స్టేషన్ వార్తల్లా ఉందండీ మీ గొంతు" అన్నారు. చిన్నప్పటి నుంచీ 837 కిలోహెర్ట్జ్ విన్న చెవులు ఆయనవి, ఆ మాటకు విలువ ఇచ్చాను.

ట్యూనింగ్‌లో ఒక కిటుకు. పవరు గరిష్ఠంగా చూపేదాకా లోడింగ్ నాబ్ (ఏరియల్‌కు వెళ్లే పవరును సర్దేది) తిప్పి అక్కడే ఆగిపోతే ఏఎంలో పీకులకు (గొంతు గట్టిగా లేచే చోట్లకు) పైకి పోవడానికి చోటుండదు, తల చదునవుతుంది. గరిష్ఠం దాటి లోడింగ్ ఇంకొంచెం పెంచి, పవరు కాస్త దిగాక ఆపాలి. డమ్మీ లోడ్ (ఏరియల్ బదులు పెట్టే రెసిస్టర్) మీద ఒక చవక ఆసిలోస్కోప్‌తో చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. వాట్ మీటర్‌ను నమ్ముకుంటే ఈ సెట్ ఎప్పటికీ బాగా పలకదు.

హమ్ వస్తే మైకు పీకి చూడండి. పోయిందంటే మైకు తీగ లేదా ఎర్త్ లూపు. పోకపోతే స్వరం వినండి: 100 సైకిళ్లదైతే ఫిల్టర్ కండెన్సర్లు, 50 సైకిళ్లదైతే హీటరు వైపు. మాట గరగరమంటూ కూతగా మారడం వేరే జబ్బు. డమ్మీ లోడ్ మీద బాగుండి ఏరియల్ పెట్టగానే మొదలైతే అది ఆర్‌ఎఫ్ (రేడియో తరంగం) వెనక్కి వచ్చి మైకులో దూరడమే. 12ఏఎక్స్7 మొదటి గ్రిడ్‌కు సీరీస్‌లో 10 కిలో ఓములు, మైకు తీగకు ఫెర్రైట్ పూస. నాకు ఈ రెండింటితోనే తగ్గింది. నా డైపోల్ ఏరియల్ రెండు కొబ్బరి చెట్ల మధ్య ఉంది, ఒక్కో వైపు 10 మీటర్లు. గాలికి చెట్లు ఊగితే తెగకుండా ఒక కొసకు కప్పీ వేసి ఇటుక వేలాడదీశాను.

వీఎఫ్‌వోగా దీనికి జోడీ హెచ్‌జీ-10. మా కరెంటులో ఏ వాల్వు వీఎఫ్‌వో అయినా ఫ్రీక్వెన్సీ జారుతూనే ఉంటుంది. ఎస్ఐ5351 చిప్పుతో చిన్న వీఎఫ్‌వో కట్టి, మధ్యలో ఒక ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ పెట్టాక ఆ టెన్షన్ పోయింది.

వినడానికి నా దగ్గర రెండో ప్రపంచ యుద్ధకాలపు బీసీ-348 రిసీవర్ ఉంది. 28 వోల్టుల డైనమోటర్ (మోటారుతో ఎక్కువ వోల్టేజీ పుట్టించేది) తీసేసి మామూలు పవర్ సప్లై పెట్టిన సెట్. 915 కిలోహెర్ట్జ్ ఐఎఫ్ (రిసీవర్ లోపలి మధ్య ఫ్రీక్వెన్సీ), ఏఎంకు హాయిగా వెడల్పు. రాత్రిళ్లు మాత్రం 7,200 కిలోహెర్ట్జ్ పైన బ్రాడ్‌కాస్ట్ స్టేషన్లు విరుచుకుపడతాయి, ఏరేటర్ల మోటార్ల బర్రుమనే మోత దానికి తోడు. ఏఎం మాట్లాడటానికి తెల్లవారి బ్యాండు ఖాళీగా ఉన్నప్పుడే మేలు. ఎస్ఎస్‌బీ (తక్కువ వెడల్పు తీసుకునే మాట పద్ధతి) వాళ్ల మధ్యలో 6 కిలోహెర్ట్జ్ ఆక్రమించి కూర్చోవడం మర్యాద కాదు.

తుపానుల్లో పనికొస్తుందా అని కూడా అడుగుతారు. రాదు. 2018 డిసెంబరులో పెథాయ్ కాట్రేనికోన దగ్గర తీరం దాటినప్పుడు నేను బల్ల మీద పెట్టుకున్నది 12 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న ట్రాన్స్‌సీవర్. హీటర్లు వెలిగించడానికే బ్యాటరీ ఖర్చయ్యే సెట్ ఆ పూట బరువు. లైసెన్సు కొత్తగా వచ్చినవాళ్లు కూడా దీనితో మొదలుపెట్టొద్దు. సాల్డరింగ్ వచ్చి, మీటరు చూడటం వచ్చి, ఏఎం అంటే ఇష్టం ఉన్నవాళ్లకే ఇది.

కొనేవాళ్లు 12ఏఎక్స్7 గురించి బెంగపడక్కర్లేదు, ఈసీసీ83 పేరుతో గిటార్ యాంప్లిఫయర్ల కోసం ఇప్పటికీ తయారవుతోంది. 6146 పాత స్టాకు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. 6డీఈ7 పాత టీవీల కోసం పుట్టిన వాల్వు, ఇప్పుడెవరూ తయారు చేయరు. అడిగేవాళ్లు లేక ప్రస్తుతం చవగ్గానే ఉంది, సెట్‌తోపాటే రెండు తెప్పించి పెట్టుకోండి.